బెర్మెత్ చేతి గంటలు

తొమ్మిదో రోజు. చేతి గంటలు: 0.6

ఈ పుస్తకం తొంభయ్యో రోజున గట్టు మండలికి వెళ్తుంది. అక్కడ ఎవరైనా దీన్ని తెరుస్తారన్న నమ్మకం నాకు లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

నా పేరు హైమవతి. కాగితాల మీద నివాస సహాయాధికారిని. ఈ సముద్రపు గట్టు మీద జనం మాత్రం కుదురు ఆఫీసరు అంటారు. పై దేశాల నుంచి పనికొచ్చినవాళ్ళు ఇక్కడ కుదురుకునేలా చూడటం నా ఉద్యోగం. గది చూపించడం, పడవ పాసు, నీళ్ళ కార్డు ఇప్పించడం, ఉప్పుగాలి తలుపు బందుల్ని తినేయకుండా రోజూ పొద్దున్నే నూనె రాయమని చెప్పడం, మంచినీళ్ళ గంట మోగితే ఎంత పనిలో ఉన్నా బిందె పట్టుకుని పరిగెత్తమని చెప్పడం. ఈ విడతలో ఏడుగురు దిగారు. ఆరుగురితో నాకు పేచీ లేదు. ఏడో మనిషి బెర్మెత్.

బెర్మెత్‌ది కిర్గిజ్ కొండల దేశం. నలభై ఒక్క ఏళ్ళు. అక్కడ ఒక డ్యాము తలుపుల దగ్గర పదిహేనేళ్ళు మిస్త్రీగా చేసింది. కొండల మీద మంచు అయిపోయింది, డ్యాము ఎండిపోయింది, తలుపులతో పాటు మిస్త్రీకి కూడా పని పోయింది. మన నాలుగో లాకులో సముద్రపు తలుపులు చూసే మనిషి కావాలని ప్రకటన చూసి, నాలుగు నెలలు కూర్చుని తెలుగు నేర్చుకుని మరీ వచ్చింది.

నిబంధన ఇది. తొంభై రోజుల్లో రెండు వందల నలభై చేతి గంటలు పూర్తి కావాలి. ప్రతి ఒక్కరికీ ఒక చేతి తొడుగు ఇస్తారు. తొడుక్కుని పనిముట్టు పట్టుకుంటేనే అందులో గంట నడుస్తుంది. లెక్క తక్కువైతే అనుమతి రద్దు, తొంభై ఒకటో రోజున తిరుగు ఓడ. అలా వెళ్ళిన మనిషికి ఇక ఏ గట్టు మీదా చోటుండదు.

తొమ్మిది రోజులకి 0.6 అంటే ముప్పై ఆరు నిమిషాలు. తొడుగు పాడైందేమో అని నాలుగో లాకుకి వెళ్ళాను. తొడుగు నిక్షేపంలా ఉంది. బెర్మెత్ గొడుగు నీడలో కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో కొబ్బరిబొండాం. ఎదురుగా ఐదుగురు లస్కర్లు, అంటే లాకు పనివాళ్ళు, నడుంలోతు బురదలో దిగి తలుపు గాడి తోడుతున్నారు.

వాళ్ళలో పెద్ద లస్కరు తాతారావుని పక్కకి పిలిచాను.

"ఆవిడ కుర్చీలో ఎందుకున్నారు?"

"ఎండ కదండీ," అన్నాడు. "గొడుగు చాలట్లేదంటారా? పెద్దది తెప్పిత్తాను."

"ఆవిడ పనికొచ్చిన మనిషి, తాతారావు గారూ."

"ఆయ్. ఎందుకు చెయ్యరండీ, చేత్తారు. ఓ నాలుగు రోజులు గాలి పడనివ్వండి."

బెర్మెత్ వైపు చూశాను. ఆమె బొండాం వైపు చూసుకుంది.

పదహారో రోజు. 0.8

సర్క్యులర్ పంపాను. కొత్తగా వచ్చిన ఉద్యోగుల చేత వారి వారి పనులు చేయించవలెను అని ఒకటే వాక్యం. తాతారావు దాన్ని అట్టకి అంటించి లాకు గది గోడకి వేలాడదీశాడు. పాటించాడు కూడా. తలుపుకి కొత్త రబ్బరు పట్టీ బిగిస్తూ మొదటి మర బెర్మెత్ చేత తిప్పించారు. తిప్పే ముందు కొబ్బరికాయ, హారతి. తిప్పాక చప్పట్లు. మిగతా యాభై తొమ్మిది మరలూ వాళ్ళే తిప్పుకున్నారు.

"సర్క్యులర్ ప్రకారం చేయించావండి," అన్నాడు తాతారావు. అతని ముఖంలో వెటకారం ఏమైనా ఉందేమోనని వెతికాను. లేదు. అదే నా ఖర్మ.

ఇరవై మూడో రోజు. 0.8

ఇవాళ కుర్చీని నేనే ఎత్తుకొచ్చేశాను. పడవలో ఒళ్ళో పెట్టుకుని ఆఫీసుకి తెచ్చాను. జనం చూశారు, చూడనీ.

ఇరవై నాలుగో రోజు. 0.8

లాకు దగ్గర నవారు మంచం వేశారు. దుప్పటి కూడా పరిచారు.

ముప్పై ఒకటో రోజు. 1.9

మీటింగు పెట్టాను. ఐదుగురూ వచ్చారు. మగవాళ్ళు తలపాగాలు తీశారు, అందరూ బుద్ధిగా కూర్చున్నారు. నేను అరగంట మాట్లాడాను. ఆవిడ చుట్టం కాదు, మీతోపాటు పనిచేసే మనిషి, పని నేర్పండి, పని చెప్పండి, పార ఇవ్వండి అన్నాను. అందరూ తలలూపారు. అయ్యాక మరిడమ్మ లేచింది. లాకులో ఆమెకన్నా బాగా గాడి తోడేవాళ్ళు లేరు.

"మేడమ్ గారూ, మీరన్నది నిజమేనండి. కానీ ఆవిడ చేతులు చూశారా? ఈ ఉప్పుబురదలో పెడితే రెండ్రోజుల్లో పుళ్ళు పడతాయి. ఎక్కడో కొండల్లోంచి మనల్ని నమ్ముకుని వచ్చిన మనిషి. తీసుకొచ్చి బురదలో దింపారంటే, రేపు ఆళ్ళ ఊళ్ళో మన గురించి ఏమనుకుంటారు?"

"బురద తియ్యడానికే వచ్చింది మరిడమ్మా!"

"అది ఆవిడ మంచితనమండి," అంది.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వీళ్ళు సోమరిపోతులైతే నాకు తెలుసు ఏం చెయ్యాలో. దుర్మార్గులైతే మెమో ఇస్తాను. మర్యాదకి మెమో ఇచ్చే ఫారం మా ఆఫీసులో లేదు.

ముప్పై ఎనిమిదో రోజు. 5.1

బెర్మెత్ ఓ ఉపాయం పన్నింది. నిన్న తెల్లవారగానే, లస్కర్లు రాకముందే వెళ్ళి తలుపు బందులన్నిటికీ గ్రీజు పెట్టేసింది. చూద్దామని నేనూ వెళ్ళాను. పని చేస్తున్న బెర్మెత్‌ని అదే మొదటిసారి చూడటం. తొడుగు లేని చెయ్యి ఇనుప తలుపు మీద ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు నిలబడింది.

"కింద నుంచి మూడో మర వదులు," అంది.

దిగి చూశాను. నిజంగానే వదులు. మన పరికరాలు ఆ మర గురించి నెల రోజులుగా ఏమీ చెప్పలేదు. ఆమె పాట పాడుకుంటూ మర బిగించింది. ఆ మూడు గంటలూ ఆమె ముఖం వేరే మనిషి ముఖంలా ఉంది.

ఇవాళ లస్కర్లు ఆమెకన్నా గంట ముందే వచ్చి కూర్చున్నారు. "పాపం, ఒక్కరూ కష్టపడిపోతున్నారండి," అన్నాడు ఏసుపాదం. అతను వాళ్ళందరిలోకీ మితభాషి. మాట్లాడిన ఆ ఒక్క మాటా ఇది.

నలభై ఏడో రోజు. 9.5

మండలికి రాసిన ఫిర్యాదుకి జవాబొచ్చింది. నాలుగో లాకు సిబ్బందిలో ఆతిథ్య లోపం ఏదీ కనిపించలేదట. పైగా పై దేశపు ఉద్యోగిని ఇంత ఆదరంగా చూసుకుంటున్నందుకు ఆ ఐదుగురికీ ఉత్తమ ఆదరణ పత్రం ఇస్తున్నారట. పత్రం నా చేతుల మీదుగానే ఇవ్వాలట.

ఇచ్చాను. ఫోటోలో నా ముఖం ఎలా వచ్చిందో నాకు తెలుసు.

సాయంత్రం పడవలో బెర్మెత్‌తో అన్నాను, తొంభై రోజుల సంగతి వాళ్ళతో చెప్పేస్తానని. ఇన్నాళ్ళూ చెప్పనివ్వనిది ఆమే.

"వద్దు," అంది మళ్ళీ. "చెప్తే జాలితో పని ఇస్తారు. నాకు పని కావాలి, జాలి వద్దు."

"పని రావట్లేదు కదా!"

"మా ఊళ్ళోనూ అతిథికి ఇలాగే చేస్తాం. గొర్రె కోస్తాం, మంచి పరుపు వేస్తాం. కానీ అతిథి వెళ్ళిపోతాడు, హైమ గారూ. నేను వెళ్ళడానికి రాలేదు."

యాభై రెండో రోజు. 9.8

ఆమె వద్దన్నా చెప్పేశాను. ఇంక నావల్ల కాలేదు. పోటు తగ్గాక ఐదుగురినీ గట్టు మీద నిలబెట్టి అరిచాను.

"మీ కొబ్బరిబొండాలు ఆవిడని ఓడెక్కిస్తున్నాయి. ముప్పై ఎనిమిది రోజుల్లో రెండు వందల ముప్పై గంటలు పడకపోతే ఆవిడ బతుకు అయిపోయినట్టే. అర్థమవుతోందా?"

 మరిడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. 

"ఇంత మాట ముందే చెప్పొద్దా అండీ?" అన్నాడు తాతారావు.  "పోనీండి. ఇంక మీరు దిగులెట్టుకోకండి. మేం చూసుకుంటావండి."

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తిరుగు పడవలో నిద్ర పట్టేసింది.

యాభై ఎనిమిదో రోజు. 71.0

డెబ్భై ఒకటి! ఆఫీసు తెర మీద అంకె రెండుసార్లు తుడిచి చూసుకున్నాను. ఆరు రోజుల్లో అరవై గంటల పైన. ముందే అరిచి ఉండాల్సింది. పన్నెండేళ్ళ సర్వీసులో నేర్చుకోనిది ఒక్క అరుపుతో నేర్చుకున్నాను.

అరవై నాలుగో రోజు. 128.4

ఇలాగే సాగితే ఎనభయ్యో రోజులోపే అయిపోతుంది. మిగతా ఆరుగురి పనులు చూసుకుంటున్నాను. లాకు వైపు వెళ్ళే తీరిక లేదు. తాతారావుకి కబురు పెట్టాను, బాగా చేయిస్తున్నారని. "ఆయ్, అంతా తమరి దయ" అని జవాబు.

డెబ్భై ఒకటో రోజు. 187.3

ఇది రాయడానికి చెయ్యి రావట్లేదు. వరసగా రాస్తాను.

పొద్దున్న బెర్మెత్‌ని నీళ్ళ కార్డు ఆఫీసుకి తీసుకెళ్ళాను. తాత్కాలిక కార్డు మార్చి పక్కా కార్డు చేయించాలి. ఫారం పెద్దది, పదకొండు పేజీలు. నేను రాస్తున్నాను, ఆమె పక్కన కూర్చుంది. కిటికీలో గుమస్తా ఆమె నంబరు కొట్టాడు. తెర మీద ఆమె వివరాలు వచ్చాయి. పేరు, గది, విడత, చేతి గంటలు. 187.2.

నేను నాలుగో పేజీలో ఉన్నాను. బెర్మెత్ తెరకేసి చూస్తోంది. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుంది.

"హైమ గారూ. ఆ అంకె మారింది."

చూశాను. 187.3.

"నేను ఇక్కడ ఉన్నాను," అంది. "అక్కడ పని చేస్తున్నది ఎవరు?"

 లాకుకి వెళ్ళే పడవలో నేను అడిగితే చెప్పింది. పద్దెనిమిది రోజుల కిందట ఆమె తొడుగు పాడైందని, బాగుకి పంపామని తాతారావు చెప్పాడట. అది వచ్చేదాకా లాకు పుస్తకం రాయమని మంచం మీద కూర్చోబెట్టాడట. ఆమె రోజూ అడిగిందట, తొడుగు వచ్చిందా అని. రోజూ రేపన్నారట.

ఎనిమిది గంటల షిఫ్టులో రోజుకి పది గంటలు ఎలా నడుస్తున్నాయో నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే, తట్టించుకోలేదు. అంకె పెరుగుతుంటే చూసుకుని మురిసిపోయాను. ఈ పద్దెనిమిది రోజుల్లో ఒక్కసారి లాకుకి వెళ్ళి ఉంటే, ఒక్కసారి ఆమెని అడిగి ఉంటే తెలిసిపోయేది. వెళ్ళలేదు. అడగలేదు.

లాకు అడుగు గదిలో మరిడమ్మ గాడి తోడుతోంది. కుడిచేతికి బెర్మెత్ తొడుగు. మమ్మల్ని చూసి దాచుకోలేదు, పైపెచ్చు నవ్వింది. తాతారావు వచ్చాడు. అతని ముఖంలోనూ గర్వమే.

"వంతులేసుకున్నావండి," అన్నాడు. "తలా రెండు గంటలు. షిఫ్టులో చెయ్యకూడదు కదండీ, అది ధర్మం కాదు. అందుకని ఎవరి విశ్రాంతి ఆళ్ళు మానుకుని, పొద్దున్న ముందొచ్చి, సాయంత్రం ఆగి. ఏసుపాదం మధ్యాన్నం అన్నం మానేశాడండి. తొడుగుకి చెయ్యెవరిదైతేనేం, పని తెలుత్తాది గానీ. ఇంకో యాభై మూడు గంటలే. ఆరు రోజులు."

ఐదుగురి కళ్ళ కింద నలుపు ఉంది. ఆ నలుపు చూశాక నా నోట్లో ఉన్న తిట్లన్నీ ఎటుపోయాయో తెలియదు.

బెర్మెత్ మరిడమ్మ చేతి నుంచి తొడుగు తీసుకుంది. మెల్లగా, వేలు వేలూ లాగి.

"మీరు మంచివాళ్ళు," అంది. "కానీ ఇది నా చెయ్యి. పదిహేనేళ్ళు పట్టింది ఈ చెయ్యి ఇలా అవడానికి. నా దగ్గర ఇంకేం లేదు. ఇల్లు లేదు, డ్యాము లేదు. ఇది కూడా మీరే వాడేసుకుంటే నేను ఎవరిని?"

తాతారావుకి అర్థం కాలేదు. అతనికి దెబ్బ తగిలిందని మాత్రం తెలిసింది.

నేను సర్దిచెప్పబోయాను. "బెర్మెత్, వాళ్ళు ప్రేమకొద్దీ..."

"మీరు కూడా," అంది నా వైపు తిరిగి. "ఆ ఫారం మీద పేరు నాది. రాసింది మీరు. నా గది, నా కార్డు, నా డాక్టరు. మాట్లాడింది మీరు, నిలబడింది మీరు. నా తొడుగులో మీ చెయ్యి కూడా ఉంది, హైమ గారూ. మొదటి రోజు నుంచీ."

ఫారం ఇంకా నా సంచీలోనే ఉంది. నాలుగు పేజీలు నా దస్తూరీ.

డెబ్భై రెండో రోజు. 187.3

మండలికి చెబితే ఐదుగురి మీదా చర్య తీసుకుంటారు, బెర్మెత్ ఓడెక్కుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆరు రోజులు కళ్ళు మూసుకుంటే అందరూ బాగుంటారు. ఈ పుస్తకంలో నిన్నటి పేజీ ఒక్కటి చింపేస్తే చాలు.

చింపలేదు. అలాగని పంపనూ లేదు. రోజంతా సంచీ ముందేసుకుని కూర్చుని, వచ్చిన వాళ్ళందరి మీదా విసుక్కున్నాను.

డెబ్భై నాలుగో రోజు. 9.8

నేను నిర్ణయం తీసుకునేలోపే బెర్మెత్ తీసుకుంది. నిన్న ఒక్కతే పడవెక్కి మండలికి వెళ్ళి, తనిఖీ అధికారి జహీరా బేగం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పింది. నాకు మాట మాత్రం చెప్పలేదు. జహీరా నాకు ఫోన్ చేసేదాకా తెలియదు.

"మీ బెర్మెత్ గారు తనే వచ్చి చెప్పారు కాబట్టి మోసం ఆవిడ మీద రాయట్లేదు," అంది జహీరా. "కానీ దొంగ గంటలన్నీ కొట్టేస్తున్నాను. గడువు పెంచే అధికారం నాకు లేదు."

"అంటే ఓడేనా?"

"ఒక దారుంది. మిస్త్రీ హోదా వదులుకుని చివరి మెట్టు లస్కరుగా మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటే కొత్తగా తొంభై రోజులు మొదలవుతాయి. గది పోతుంది, వరుస మంచాల హాల్లో పడుకోవాలి. ఇరవై ఏళ్ళ పిల్లలు చేసే మెట్టది. నేనైతే ఒప్పుకోను. ఆవిడ సరేనన్నారు."

లస్కర్లకి ఈ ఏడాది సెలవులు పదిరోజులు కోత. ఆదరణ పత్రం వెనక్కి ఇచ్చెయ్యాలి. తీసుకోవడానికి నేనే వెళ్ళాను. తాతారావు గోడ మీంచి దాన్ని తీసి, కొంగుతో తుడవమని మరిడమ్మకిచ్చి, తుడిచాక నా చేతిలో పెట్టాడు.

"కాగితం పోతే పోయిందండి," అన్నాడు. "ఇంట్లో మనిషిలా చూసుకున్నాం. ఆవిడేమో ఎల్లి ఆఫీసులో చెప్పొచ్చారు. మాతో ఓ మాటనుంటే మేం కాదంటామా?"

"ఇంట్లో మనిషిని ఎవరైనా డెబ్భై రోజులు కుర్చీలో కూర్చోబెడతారా, తాతారావు గారూ?" అన్నాను.

 తాతారావు ఆ రోజు నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. గట్టు మీద పన్నెండేళ్ళలో అలా జరగడం ఇదే మొదలు.

డెబ్భై ఆరో రోజు

దరఖాస్తు బెర్మెత్ తనే రాసింది. నేను ఎదురు బల్ల మీద కూర్చున్నాను, చేతులు ఒళ్ళో పెట్టుకుని. రెండో పేజీలో పాత గది నంబరు రాయాల్సిన గడిలో కొత్త మంచం నంబరు రాసింది. చూస్తూనే ఉన్నాను. నాలుక చివరిదాకా వచ్చింది, మింగాను. గంటన్నర క్యూలో నిలబడి కిటికీ దగ్గరికి వెళ్తే గుమస్తా తిప్పి ఇచ్చేశాడు. మళ్ళీ రాసింది. ఈసారి సంతకం తప్పుచోట పెట్టింది. మళ్ళీ క్యూ.

నేను చేస్తే పావుగంట పని. దానికి పొద్దుటి నుంచి నాలుగింటి దాకా పట్టింది. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని నాకు ఎవరూ చెప్పలేదు. కోపంతో నా మెడ నరాలు పట్టేశాయి. మూడోసారి గుమస్తా ముద్ర వేశాడు. బెర్మెత్ ఆ కాగితం నాకు చూపించలేదు. మడిచి జేబులో పెట్టుకుని హాలు వైపు నడిచింది.

కొత్త లెక్క, ఐదో రోజు. 37.5

కుర్చీ లేదు, మంచం లేదు. ఆమె పార పట్టుకుంటే ఎవరూ లాక్కోవట్లేదు. ఎవరూ మాట్లాడట్లేదు కూడా. పని చెప్పాల్సి వస్తే తాతారావు గాల్లోకి చూసి చెప్తున్నాడు. మధ్యాహ్నం ఐదుగురూ ఒకచోట కూర్చుని తింటే ఆమె గట్టు చివర ఒక్కతే తింటోంది. గంటలు మాత్రం బ్రహ్మాండంగా పడుతున్నాయి.

ఇది కావాలనే కదా మొత్తుకున్నాను! కావలసింది వచ్చాక చూస్తే ఏడుపొస్తోంది. వెళ్ళి రాజీ కుదర్చాలని రెండుసార్లు పడవెక్కాను. రెండుసార్లూ మధ్యలో దిగిపోయాను. నేను వెళ్తే మళ్ళీ నేనే మాట్లాడతాను.

కొత్త లెక్క, పదకొండో రోజు. 84.0

ఇవాళ పౌర్ణమి పోటు. సంవత్సరంలో పెద్ద పోట్లలో ఒకటి, మధ్యాహ్నం పన్నెండింటికి. నియమం ప్రకారం ఆఫీసర్లందరూ ఏదో ఒక లాకు దగ్గర ఉండాలి. నాకు నాలుగో లాకు పడింది. పడేలా చూసుకున్నాను.

పదకొండున్నరకి తలుపు దించడం మొదలుపెట్టారు. అది దిగలేదు. జానెడు ఎత్తున ఆగిపోయింది. కింద నుంచి ఉప్పునీళ్ళు కాలువలోకి ఎగదన్నడం మొదలైంది. ఇంకో గంట అలాగే ఉంటే వెనక నాలుగు వందల ఎకరాల నారుమళ్ళు పోతాయి.

ఏసుపాదం నీళ్ళలో మునిగి లేచి, గాడి నిండా బురద అన్నాడు. అడుగున బురద తూము మూసేసి ఉందన్నాడు.

"ఎవరు మూశారు?" అన్నాడు తాతారావు.

"నేను," అంది బెర్మెత్. "పెద్ద తలుపు దించే ముందు అడుగు తూము మూయాలి కదా."

కొండ మీద డ్యాములో అదే పద్ధతి. ఇక్కడ తలుపు పూర్తిగా దిగేదాకా తూము తెరిచి ఉంచాలి, బురద దాంట్లోంచే పోవాలి. పదిహేనేళ్ళ అలవాటు చేతిలో ఉంది, అదే ఆమె చేత ఆ పని చేయించింది.

తాతారావు విరుచుకుపడ్డాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు? ఎవర్నడిగి మూశావ్? మిస్త్రీవంట మిస్త్రీవి! నోట్లో నాలుక లేదా? పక్కనే ఉన్నాను కదా, అడిగితే నీ సొమ్మేం పోద్ది? నాలుగొందల ఎకరాలు! ఆ రైతులొచ్చి అడిగితే ఎవరు జవాబు చెబుతారు, నువ్వా, మీ కొండలా?"

గట్టు అదిరింది. పక్క లాకు వాళ్ళు కూడా తిరిగి చూశారు. మెల్లగా చెప్పచ్చు కదా అని నేను నోరు తెరిచాను. బెర్మెత్ నాకన్నా ముందే తెరిచింది.

"ఎవరు చెప్పారు నాకు?" అరిచింది. "చెప్పారా? డెబ్భై రోజులు కొబ్బరిబొండాం ఇచ్చారు! తూము గురించి ఒక్కరు చెప్పారా? పది రోజుల నుంచి నా ముఖం చూసి మాట్లాడారా? గాలికి చెప్పారు! గాలిని అడగాలా నేను?"

ఎర్రగా కందిపోయింది ఆమె ముఖం.  తాతారావు తలపాగా జారింది, సర్దుకోలేదు.

"చెప్తాను," అన్నాడు. "ముందు దిగు. పార అందుకో. ఎడం పక్క నువ్వు తోడు, కుడి పక్క మరిడి తోడుద్ది. దిగు, చూత్తావేంటి!"

దిగింది. నడుంలోతు నీళ్ళు, ఛాతీదాకా వచ్చాయి. ఐదుగురూ, ఆమే. తాతారావు తోడుతూనే తిడుతున్నాడు, తిడుతూనే చెప్తున్నాడు, తూము ఎప్పుడు మూయాలి, బురద ఎటు నుంచి వస్తుంది, పోటు ముందర నీటి రంగు ఎలా మారుతుంది అని. ఆమె తోడుతూనే ఎదురు చెప్తోంది. ఒకసారి ఆమె చెయ్యి తలుపుకి ఆనించి "ఇక్కడ కాదు, అక్కడ పట్టేసింది" అంటే అతను "అది ముందు చెప్పొచ్చుగా" అని అక్కడికి మారాడు.

నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను, ఇస్త్రీ చీరతో, చేతిలో పుస్తకంతో. తాతారావు తలెత్తి చూశాడు.

"ఏటండీ అలా చూత్తారు? అక్కడ ఇంకో పారుంది."

పన్నెండేళ్ళలో ఆ లాకులో నాకు కుర్చీ వేశారు, బొండాం ఇచ్చారు, పార ఎవరూ ఇవ్వలేదు. పుస్తకం గట్టు మీద పెట్టి దిగాను. బురద అంత బరువుంటుందని నాకు తెలియదు. నలభై నిమిషాలకి తలుపు కిర్రుమని కదిలి, దిగి, కూర్చుంది. గట్టు దగ్గర రెండు మడులు మాత్రం పోయాయి.

మిగతా బురద కూడా తీసేసి మూడింటికి గట్టు మీద కూలబడ్డాం. మరిడమ్మ అన్నం గిన్నె, రొయ్యల పులుసు మధ్యలో పెట్టింది. తాతారావు ఇంకా సణుగుతూనే ఉన్నాడు. బెర్మెత్ గట్టు చివరికి వెళ్ళలేదు. ఆమెని రమ్మని ఎవరూ పిలవలేదు. ఇంకొంచెం వేసుకోండని ఎవరూ బతిమాలలేదు. మరిడమ్మ మోకాలు కొంచెం జరిపింది, అంతే. ఆ సందులో బెర్మెత్ కూర్చుని, గరిటె లాక్కుని, తనకి కావలసినంత వేసుకుంది. పులుసులో రొయ్యలన్నీ ఏరుకుంటోందని ఏసుపాదం ఆమె చేతి మీద ఒక్కటిచ్చాడు.

గిన్నె నా దగ్గరికి వచ్చేసరికి అడుగున మాడు తప్ప ఏమీ మిగల్లేదు. దాన్నే గోళ్ళతో గీక్కుని తిన్నాను.